‘తమ్ముడికి’ అని పేరున్న ఫైలు

తెనాలిలో నా కంప్యూటర్ రిపేరు షాపు పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో నేను ఎక్కువసార్లు అన్న మాట "ఏం కాదండి, తీసిస్తాను" అన్నదే. పెళ్ళి ఫొటోలు పోయాయని కళ్ళనీళ్ళతో వచ్చినవాళ్ళతో అన్నాను. రాసుకున్న ప్రాజెక్టు రిపోర్టు పోయిందని ముఖం వేలాడేసుకుని బాపట్ల నుంచి వచ్చిన కాలేజీ పిల్లలతో అన్నాను. అన్నట్టే చాలామందికి తీసిచ్చాను. దాంతో నాకు కాస్త పొగరు కూడా పెరిగింది. ఆ పొగరు చివరికి ఎవరికి చుట్టుకుందో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మా అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. కాపురం రేపల్లెలో, ఉద్యోగం పెనుమూడి స్కూల్లో టీచరుగా. బావ బాపట్లలో ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. పిల్లలు లేరు. అక్కది పెద్ద గొంతు. మూడో తరగతికి ఎక్కాలు చెబుతుంటే కృష్ణ కరకట్ట మీద పోయేవాళ్ళకి కూడా వచ్చేస్తాయని బావ ఎకసెక్కాలాడేవాడు. మా లూథరన్ ఇళ్ళలో చర్చిని గుడి అనే అంటాం. ఆదివారం గుడిలో వాక్యం చదవడానికి అక్కకి మైకు అక్కర్లేదు. చిన్నప్పుడు నన్ను తిట్టిందంటే ఆ తిట్లు వీధి చివరి ఇంటివాళ్ళు కూడా మర్నాడు నాకు అప్పజెప్పేవాళ్ళు.

ఆ గొంతు బొంగురు పోతుంటే అందరం సుద్దముక్కల దుమ్మనుకున్నాం. టీచర్లకి మామూలే అన్నాం. మిరియాల పాలు తాగింది, ఉప్పునీళ్ళు పుక్కిలించింది. నాలుగు నెలలు అలా గడిపాక డాక్టరు గొంతులోకి గొట్టం వేసి చూసి, స్వరపేటిక మొత్తం తీసేయాలన్నాడు. ప్రాణం దక్కుతుంది, మాట దక్కదు. ఆపరేషనుకి మూడు వారాలు గడువిచ్చారు.

ఆ మూడు వారాలు అక్క తన గొంతు తనే దాచుకుంది. ఇంట్లో ఉన్న కంప్యూటర్‌కి నేనే ఒక మైకు తెచ్చి తగిలించాను. పొద్దున పూట గొంతు కాస్త తేటగా ఉండేది. అందుకని పాలు కాచి దించగానే గది తలుపేసుకుని కూర్చునేది. మొత్తం పద్నాలుగు ఫైళ్ళు చేసింది. ఒకదాంట్లో మూడో తరగతి తెలుగు పాఠాలు. కొన్నింటిలో కీర్తనలు. ఒకదాంట్లో పాఠమూ లేదు, పాటా లేదు, ఇంట్లో రోజూ అనే మాటలు మాత్రమే. "ఏమండీ, గ్యాసు బుక్ చేశారా?" "తలుపు తీసే ఉంది, రండి." "వాన పడేలా ఉంది, దండెం మీద బట్టలు తియ్యండి."

"ఇవెందుకక్కా?" అన్నాను.

"పాఠాలు ఎవరైనా చెప్తార్రా. ఇవి నేనే అనాలి," అంది.

చివరి ఫైలుకి ‘తమ్ముడికి’ అని పేరు పెట్టింది. అందులో ఏముందని అడిగితే కోప్పడింది. "ఇప్పుడు కాదు. నేను మాట్లాడలేనప్పుడు విను. ఇప్పుడే వింటే ఇంక దాచడం ఎందుకు?"

నేను వినలేదు. ఆపరేషను అయ్యాక వినడానికి ధైర్యం చాలలేదు. తర్వాత వినొచ్చులే, ఎక్కడికి పోతుంది అనుకున్నాను. కాపీ కూడా తెచ్చుకోలేదు. షాపులో గోడ మీద నా చేత్తో రాసి అంటించిన కాగితం ఒకటుంది. ‘ముఖ్యమైనవి రెండు చోట్ల దాచుకోండి’ అని. చెప్పేవి శ్రీరంగనీతులంటారే, అలాగ. రేపల్లె వెళ్ళిన ప్రతిసారీ పెన్ డ్రైవ్ తెనాలిలో బల్ల మీదే ఉండిపోయేది.

ఆ కంప్యూటర్ సంగతి కొంచెం చెప్పాలి. అందులో పాత హార్డ్ డిస్కు నత్తలా నడుస్తోందని అంతకు ఏడాది ముందు నేనే దాన్ని పీకేసి ఎస్‌ఎస్‌డీ వేశాను. వైరస్‌ల గోల ఉండదని లినక్స్ ఎక్కించాను. రెండు డిస్కులకీ తేడా ఏంటని అక్క అడిగితే, టీచరు కదా అని బడి భాషలో చెప్పాను. ఫైలు తీసేశామంటే కంప్యూటర్ చేసేది హాజరు పట్టీలో పేరు కొట్టెయ్యడమే. పిల్లలు మాత్రం బెంచీల మీద కూర్చునే ఉంటారు. ఆ బెంచీ మీదకి కొత్తవాళ్ళు వచ్చేదాకా పాతవాళ్ళని ఎవరూ లేపరు. పాత డిస్కుల్లో పోయినవి నేను తీసివ్వగలిగేది అందుకే. పట్టీ పక్కన పడేసి, బెంచీ బెంచీకి పోయి ఎవరున్నారో చూసుకుంటూ వస్తాను.

ఎస్‌ఎస్‌డీ అలా కాదు. ఉన్న రాత మీద కొత్త రాత రాయడం దానికి చేతకాదు. ముందు చెరపాలి, ఆ తర్వాతే రాయాలి. చెరపడం నెమ్మదైన పని. అందుకని ఏ బెంచీలు ఖాళీయో ముందే చెబితే అది తీరిగ్గా ఊడ్చి పెట్టుకుంటుంది, రాసేటప్పుడు వేగంగా రాస్తుంది. ఆ కబురు చెప్పాల్సింది ఫైళ్ళ లెక్క చూసే ఫైల్ సిస్టం. దాన్నే ట్రిమ్ అంటాం. ఆ కబురు ఒకసారి అందిందంటే ఇక బెంచీ మీద వెతికినా ఎవరూ దొరకరు.

కబురు పంపడానికి రెండు పద్ధతులు. పేరు కొట్టేసిన క్షణంలోనే పంపడం ఒకటి. వారానికోసారి ఖాళీలన్నీ మూటగట్టి పంపడం రెండోది. అక్క కంప్యూటర్‌లో రెండోదే ఉంచాను. ఆదివారం పోయి సోమవారం వచ్చే వేళకి ఆ పని దానంతటదే జరుగుతుంది. అప్పుడు మిషను ఆపేసి ఉంటే, మళ్ళీ ఎప్పుడు ఆన్ చేస్తే అప్పుడు, తప్పిపోయిన పని గుర్తుపెట్టుకుని మరీ చేసేస్తుంది. ఇదంతా నాకు కంఠోపాఠం. షాపులో ఎంతమంది మిషన్లకి పెట్టి ఉంటానో నాకే తెలియదు.

"అంటే పొరపాటున ఏదన్నా తీసేస్తే, ఆ వారంలోపల నీకు చెప్తే వస్తుందన్నమాట," అంది అక్క.

"వస్తుంది. నేనున్నాగా," అన్నాను.

ఆపరేషను బాగానే జరిగింది. మెడ కింద రంధ్రం, దాని మీద పల్చటి తెల్లగుడ్డ. మాటలకి బదులు పొడుగు నోటుబుక్కు, బాల్‌పెన్ను. గొంతుకి ఆనించుకుని మాట్లాడే బ్యాటరీ పరికరం ఒకటి తెప్పించాం. రెండు రోజులు తంటాలు పడి, అందులోంచి వచ్చే మోత తనది కాదని రాసి, డబ్బాలో పెట్టి అటక ఎక్కించింది.

పలకరింపులు మొదలయ్యాయి. మా వైపు ఎవరికన్నా ఒంట్లో బాగాలేదంటే నాలుగు యాపిల్సు, ఒక బ్రెడ్డు పట్టుకుని వెళ్ళి చూసి రాకపోతే జన్మంతా మాటపడాలి. స్కూలు వాళ్ళు వచ్చారు, గుడి వాళ్ళు వచ్చారు, పిట్టలవానిపాలెం నుంచి బావ వైపు చుట్టాలు ఆటో మాట్లాడుకుని వచ్చారు. వచ్చాక, మాట్లాడలేని మనిషితో ఏం మాట్లాడాలో ఎవరికీ తెలిసేది కాదు. అప్పుడు బావ లేచి కంప్యూటర్ ఆన్ చేసేవాడు.

"మా ఆవిడ గొంతు వింటారా? ఇదిగో వినండి."

వినిపించేది పాఠాలు కాదు, కీర్తనలు కాదు. ‘ఏమండీ, గ్యాసు బుక్ చేశారా’ ఉన్న ఫైలే. వచ్చినవాళ్ళు ముందు నవ్వేవాళ్ళు, తర్వాత కొంగుతో కళ్ళొత్తుకునేవాళ్ళు. "అచ్చం మనిషి ఇక్కడే ఉన్నట్టుందండీ," అందొకావిడ. మనిషి అక్కడే ఉంది. ఆవిడకి టీ కప్పు అందిస్తూ ఉంది.

బావ చెడ్డవాడని నేను అనను. ముప్పై ఏళ్ళు విని విసుక్కున్న గొంతు పోయేసరికి ఆయనకి అది ముద్దొచ్చింది. ఆ మనిషి కూడా లోపల్లోపల ఏడుస్తూనే ఉన్నాడు. కానీ బతికున్న ఆడమనిషి ఎదురుగా నిలబడి ఉండగా ఆమె గొంతుని పటం కట్టి చూపించడం చూస్తే నాకు ఒళ్ళు మండేది. మండింది గానీ నోరు తెరిచి ఒక్కమాట అనలేదు. నోరున్న నేను అనాల్సింది.

ఒక గురువారం సాయంత్రం, పలకరింపుకొచ్చిన ఒక జట్టు వెళ్ళిపోగానే, అక్క కంప్యూటర్ ముందు కూర్చుని పద్నాలుగు ఫైళ్ళూ తీసేసింది. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసింది. ఎవరికీ చెప్పలేదు. శనివారం మధ్యాహ్నం నాకు ఫోన్లో మెసేజ్ పెట్టింది. ‘కోపంలో రికార్డింగులన్నీ తీసేశాను. నిన్నటి నుంచి అన్నం దిగట్లేదు. మళ్ళీ తెస్తావా?’

ఆ మెసేజ్ చదివి నేను భయపడలేదు. ఇంకా చెప్పాలంటే, లోపల కాస్త గర్వపడ్డాను. ఇదేగా మన పని. వెంటనే జవాబు రాశాను. ‘కంప్యూటర్ ఇప్పుడే ఆపెయ్. మళ్ళీ ఆన్ చెయ్యొద్దు. బావని కూడా ముట్టుకోనివ్వకు. సోమవారం పొద్దున తీసుకురా. అన్నీ వస్తాయి.’ ఆదివారమే నేను రేపల్లె వెళ్ళొచ్చు. గంట ప్రయాణం. ఆదివారం గుడి నుంచి వచ్చి మాంసం కూర తిని పడుకోవడం నాకు అలవాటు. సోమవారం అన్నాను.

అక్క నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. శనివారం ఆపేసిన మిషను మళ్ళీ ముట్టలేదు. ఇరవై నాలుగు గంటలూ గది గడియ పెట్టి ఉంచిందట. సోమవారం పొద్దున రేపల్లె పాసింజర్లో, ఆ సీపీయూ డబ్బాని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, వేమూరులో ఎక్కిన జనం తోస్తున్నా కింద పెట్టకుండా తెచ్చింది. షాపులోకి వచ్చి బల్ల మీద పెట్టి, నా వంక చూసి నవ్వింది. ఆపరేషను తర్వాత అక్క నవ్వడం అదే మొదటిసారి చూశాను.

చెయ్యాల్సిన పని నాకు తెలుసు. నాలుగు స్క్రూలు విప్పాలి. డిస్కు బయటికి తియ్యాలి. వేరే మిషనుకి తగిలించి, దాని మీద ఏమీ రాయకుండా, చదవడం మాత్రమే చెయ్యాలి. స్క్రూడ్రైవర్ చేతికందేంత దూరంలో ఉంది.

నేను వైరు గుచ్చి బటన్ నొక్కాను.

ఎందుకు నొక్కానంటే అలవాటు. పోయాయని ఏడుస్తూ వచ్చేవాళ్ళలో సగం మందివి పోయి ఉండవు. వేరే ఫోల్డరులో ఉంటాయి, లేదా చెత్తబుట్టలోనే ఉంటాయి. ముందు ఆన్ చేసి చూడు, తర్వాత విప్పు. ఇరవై ఏళ్ళుగా నా చేతికి పట్టిన వాటం అది. బుర్ర ఏదో చెప్పేలోపే చెయ్యి పని కానిచ్చేసింది. చూశాను. చెత్తబుట్ట నిజంగానే ఖాళీ. "కంగారేం లేదక్కా, ఇప్పుడు విప్పుతా," అన్నాను. అని విప్పకుండా టీ చెప్పడానికి పక్కకొట్టుకి వెళ్ళాను. వచ్చి, టీ చల్లారబెట్టుకుని తాగుతూ, ఇలాంటివి ఎన్ని తీశానో గొప్పలు చెప్పుకుంటూ కూర్చున్నాను. అక్క తలాడిస్తూ వింటోంది.

డబ్బా ముందు చిన్న ఎర్రలైటు గబగబా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఎవరూ మిషనుని ముట్టుకోలేదు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. సోమవారం. తప్పిపోయిన పని. వైరు పీకేశాను. అప్పటికే లైటు ఆగిపోయింది.

డిస్కు విప్పి వేరే మిషనుకి పెట్టి, ముందు చూసింది పాటలూ మాటలూ కాదు. ఏ పని ఏ వేళకి జరిగిందో ఆ సిస్టమే రాసుకునే చిట్టా చూశాను. ట్రిమ్ జరిగింది. నేను బటన్ నొక్కిన పన్నెండు నిమిషాలకి. అంతకు ముందుది కిందటి సోమవారం, అంటే అక్క తీసేయడానికి ముందు. గురువారం నుంచి ఆ పొద్దున దాకా పద్నాలుగు ఫైళ్ళూ ఉన్న చోటే ఉన్నాయి. తలుపేసుకుని కూర్చుని తను దాచుకున్న గొంతు అంతా, వేమూరు జనం మధ్య తన ఒళ్ళోనే ఉంది.

మధ్యాహ్నం మూడు దాకా వెతికాను. డిస్కులో ఖాళీ అన్న చోటల్లా, ఈ చివర నుంచి ఆ చివర దాకా సున్నాలే. అక్క ప్లాస్టిక్ కుర్చీలో, మెడ దగ్గర గుడ్డ సర్దుకుంటూ, నా వీపు వైపే చూస్తూ కూర్చుంది. భోజనానికి రమ్మంటే తల అడ్డంగా ఊపింది. చివరికి నేను వెనక్కి తిరిగాను.

"రాలేదక్కా," అన్నాను. "నువ్వు తీసేసిన రోజే పోయినట్టున్నాయి."

ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది. తడుముకోలేదు కూడా. అక్క నోటుబుక్కు తీసి రాసింది. ‘వారంలోపల చెప్తే వస్తాయన్నావు.’

"ఒక్కోసారి రావు," అన్నాను.

తలూపింది. దుప్పటి మడత పెట్టుకుని సాయంత్రం బండికి వెళ్ళిపోయింది.

నా అబద్ధం అక్కడితో అయిపోతుందనుకున్నాను. అది రేపల్లె వెళ్ళి కాపురం పెట్టింది. ఇంట్లో ఏ చిన్న మాట వచ్చినా బావ దగ్గర అదొక్కటే జవాబు. ‘నీ చేత్తో నువ్వే చేసుకున్నావు.’ కూరలో ఉప్పెక్కువైనా చివరికి అక్కడికే వచ్చేవాడు. ఎదురు చెప్పడానికి అక్కకి గొంతు లేదు. నోటుబుక్కు తెరిచేలోపు ఆయన గదిలోంచి వెళ్ళిపోయేవాడు. రాసింది చదవనివాడితో పోట్లాడటం ఎలాగో నాకైతే తెలియదు. రానురాను అక్క రాయడం తగ్గించేసింది. స్కూలుకి సెలవు పెట్టింది కాస్తా ముందుగానే రిటైర్మెంటు తీసేసుకుంది. గుడికి వెళ్ళినా వెనక వరసలో కూర్చుని, పాటలు అవ్వకముందే లేచి వచ్చేస్తోందని విన్నాను.

ఏడాది దాటాక బాపట్లలో మా పిన్ని మనవరాలి నిశ్చితార్థం. బంతి భోజనాలు. నేనూ బావా పక్కపక్కన, అక్క ఎదుటి వరసలో. వేటపాలెం నుంచి వచ్చిన పెద్దావిడ ఒకామె అక్క పక్కన కూర్చుని, విస్తరి మీద జీడిపప్పు ఏరుకుంటూ, "అమ్మాయ్, పాపం నీ గొంతెంత బాగుండేదే, ఎక్కడన్నా పట్టి ఉంచుకున్నావా?" అంది.

బావ ఇటు నుంచి అందుకున్నాడు. "ఉంచుకున్నదండీ. దేవుడు తీసుకుంది సగం, మిగిలిన సగం ఈవిడే తన చేత్తో నులిమేసుకుంది." అని జరిగిందంతా చెప్పాడు. ఇద్దరు ముగ్గురు అయ్యో అన్నారు. ఒకాయన ‘ఆడవాళ్ళ కోపం’ అని ఏదో అన్నాడు. అక్క విస్తరి వంక చూస్తూ అన్నం కలుపుతోంది. కలిపిందే కలుపుతోంది. ఒకసారి తలెత్తి నా వైపు చూసింది. ఆ మిషన్ల సంగతి తెలిసినవాడివి, రాకపోవడం మామూలేనని నువ్వన్నా ఒక మాట అనమన్నట్టు.

నేను సాంబారు అడిగాను.

ఆ రోజు తిన్న అన్నం నాకు ఒంటబట్టలేదు. రెండు వారాల తర్వాత, ఒక మంగళవారం షాపు మూసేసి పొద్దున బండికి రేపల్లె వెళ్ళాను. బావ వరండాలో పేపరు చదువుతున్నాడు. అక్క గడప దగ్గర కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"అంటే ఏంటి?" అన్నాడు బావ. "తను తీసేసినా అందులో ఉన్నాయంటావా?"

"ఉన్నాయి బావా. సోమవారం పొద్దున దాకా ఉన్నాయి. నేను ఆన్ చెయ్యకుండా డిస్కు విప్పి ఉంటే అన్నీ వచ్చేవి. నేనే పోగొట్టాను. తన మీదకి తోసేశాను."

"మరి ఇన్నాళ్ళూ నేను..." అని బావ ఆగిపోయాడు. పేపరు మడత పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడత పెట్టాడు. అక్క వైపు చూడలేక దొడ్లోకి వెళ్ళిపోయాడు. చేదబావి గట్టు మీద అటు తిరిగి కూర్చున్నాడు.

అక్క చిక్కుళ్ళ పళ్ళెం పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుని నోటుబుక్కు తీసింది. తిడుతుందనుకున్నాను. పేజీలకి పేజీలు తిట్టాలనీ, అవన్నీ చదవాలనీ ఎదురుచూశాను. ఒక్క వరస రాసి నా వైపు తిప్పింది.

‘బాపట్లలో చెప్పాల్సింది.’

ఏడుపొచ్చింది, ఏడ్చాను. కాసేపటికి అడగకూడనిది అడిగాను. "అక్కా, నాకని ఒక ఫైలు పెట్టావు. నేను వినలేదు. ఏం చెప్పావందులో?"

పెన్ను పట్టుకుని చాలాసేపు ఆలోచించింది. దాచిపెట్టుకోవడానికి కాదు, నిజంగానే వెతుక్కుంది. కనుబొమలు ముడిపడ్డాయి, పెదాలు కదిలాయి. తర్వాత రాసింది. ‘గుర్తులేదు.’ దాని కిందే ఇంకో వరస రాసి, బుక్కు నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

‘అన్నం తిని వెళ్ళు.’

గొంతున్న రోజుల్లో అక్క ఈ మాట రెండు రకాలుగా అనేది. తిట్టి తిట్టి అలిసిపోయి, ఇక నీతో మాటల్లేవని గిన్నె ఠక్కున పెడుతూ అనేది ఒకటి. తిట్టిందంతా మర్చిపోయి, ఆకలిగా ఉన్నావని తెలిసి అనేది ఇంకొకటి. చెవులున్నవాడెవడికైనా ఇట్టే తెలిసిపోయేది. కాగితం మీద మూడు మాటలున్నాయి అంతే.

చేతులు కడుక్కుని కూర్చున్నాను. అక్క వడ్డించింది, నేను తిన్నాను. ఆ మాట ఏ రకంగా అన్నదో నాకిప్పటికీ తెలియదు.